చక్రం పట్టిన చేతికి స్పృహ తప్పితే: మూర్ఛవ్యాధి, లారీ డ్రైవర్లు, ఒక మినహాయింపు చరిత్ర



1990ల తొలినాళ్లలో కోస్తా జాతీయ రహదారి పక్కనున్న ఒక చిన్న పట్టణంలో, ప్రభుత్వ ఆసుపత్రిలో పనిచేస్తుండేవాణ్ణి. ఒకనాటి మధ్యాహ్నం ఓ.పి. ముగిసే వేళకు సుమారు నలభై ఏళ్ల లారీ డ్రైవరు ఒకరు లైసెన్సు కాగితాలు పట్టుకొని వచ్చారు. ట్రాన్స్‌పోర్టు వాహనం నడిపేవారికి వైద్యుడు ఇవ్వవలసిన ధ్రువపత్రం, అంటే ఫారం 1-ఏ, ఆయనకు కావాలి. చూపు చూశాను, బి.పి. చూశాను. నాలుక చాపమన్నాను. నాలుక అంచున పళ్లు దిగిన పుండు ఒకటి ఇంకా మానలేదు. "ఇది ఎలా అయింది?" అని అడిగితే చాలాసేపు మాట్లాడలేదు. చివరికి చెప్పారు. ఏడాదిలో రెండుసార్లు నిద్రలో ఫిట్స్ వచ్చాయి. మందుల దుకాణంలో గార్డినాల్ బిళ్లలు కొనుక్కొని, గుర్తున్నప్పుడు వేసుకుంటున్నారు.

నేను సంతకం పెట్టలేదు. "బాబుగారూ, మీరు రాయకపోతే రేపటినుంచి పిల్లలకు ఏం పెట్టను?" అన్నారాయన. నా దగ్గర సమాధానం లేదు. కాగితం మడిచి జేబులో పెట్టుకొని వెళ్లిపోయారు.

ఆనాడు నేను చెప్పలేకపోయిన సమాధానం కోసం ప్రపంచంలో ఇతరులు ఎలా వెదికారో ఈ వ్యాసంలో మీ ముందుంచుతున్నాను. ముఖ్యంగా అమెరికాలో, మూర్ఛవ్యాధి ఉన్న లారీ, బస్సు డ్రైవర్లకు ఒకప్పుడు పూర్తిగా మూసుకుపోయిన తలుపు ఎలా కొద్దిగా తెరుచుకుందో ఆ చరిత్ర మనం తెలుసుకోదగినది.

దేవతల కోపం నుంచి మెదడు విద్యుత్తు వరకు

నటరాజ విగ్రహాన్ని మీరు చూసే ఉంటారు. స్వామి పాదం కింద నలుగుతున్న ఆ చిన్న ఆకారం పేరు అపస్మారుడు. అపస్మారం అంటే జ్ఞాపకం తొలగిపోవడం. మూర్ఛవ్యాధికి మన ఆయుర్వేద గ్రంథాలు పెట్టిన పేరు కూడా అదే. చరక సంహిత దీనిని వాత, పిత్త, కఫ, సన్నిపాతాలుగా నాలుగు విధాలని వర్ణించింది. గ్రీసులో దీనిని 'పవిత్ర వ్యాధి' అనేవారు. ఇందులో దైవత్వమేమీ లేదనీ, దీనికి మూలం మెదడులోనే ఉందనీ హిప్పోక్రటీసు సంప్రదాయానికి చెందిన ఒక గ్రంథం సుమారు 2,400 ఏళ్ల క్రితమే వాదించింది.

అయితే చికిత్స రావడానికి చాలా కాలం పట్టింది. 1857లో లండన్ వైద్యుడు చార్లెస్ లోకాక్ పొటాషియం బ్రోమైడు వల్ల మూర్ఛలు తగ్గుతున్నాయని ప్రకటించారు. 1912లో జర్మనీకి చెందిన ఆల్ఫ్రెడ్ హౌప్ట్‌మన్ ఫినోబార్బిటాల్ ఉపయోగాన్ని కనుగొన్నారు. మన డ్రైవరు గారు మింగిన గార్డినాల్ అదే మందు. 1929లో హాన్స్ బెర్గర్ మనిషి మెదడులోని విద్యుత్తరంగాల నమోదును ప్రకటించి, ఇ.ఇ.జి. పరీక్షకు పునాది వేశారు. 1938లో అమెరికాలో మెరిట్, పట్నమ్ అనే ఇద్దరు వైద్యులు ఫెనిటాయిన్‌ను వెలుగులోకి తెచ్చారు. మత్తు అంతగా లేకుండా మూర్ఛను అదుపు చేయగల మందు అప్పటికి దొరికింది.

ఈ సంవత్సరాలను గుర్తుంచుకోండి. రోడ్డు చట్టాలు పుట్టింది కూడా సరిగ్గా ఈ కాలంలోనే. అంటే, చట్టం రాసినవారి కళ్లముందున్న రోగి మందులకు ఇంకా లొంగని రోగి.

తలుపులు మూసిన చట్టాలు

బ్రిటన్‌లో 1930 నాటి రోడ్డు ట్రాఫిక్ చట్టం మూర్ఛవ్యాధి ఉన్నవారిని వాహనం నడపకుండా నిషేధించింది. అదే బాటలో మన దేశంలో 1939 నాటి మోటారు వాహనాల చట్టం వచ్చింది. డ్రైవింగ్ లైసెన్సుకు మనిషిని పూర్తిగా అనర్హుణ్ణి చేసే వ్యాధుల జాబితా ఆ చట్టం రెండవ షెడ్యూలులో ఉండేది. అందులో మొట్టమొదటి పేరు మూర్ఛవ్యాధి. ఎన్నాళ్ల క్రితం వచ్చింది, మందులు వాడుతున్నారా, అదుపులో ఉందా అనే విచారణ లేదు.

అమెరికాలో 1935 నాటి మోటార్ క్యారియర్ చట్టం, రాష్ట్రాల సరిహద్దులు దాటి సరుకు, ప్రయాణికులను మోసే వాహనాల డ్రైవర్ల అర్హతలను, పనిగంటలను నిర్ణయించే అధికారాన్ని అంతర్రాష్ట్ర వాణిజ్య సంఘానికి ఇచ్చింది. సొంత కారు లైసెన్సు మాత్రం ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం చూసుకునేది. ఈ రెండు దారులూ అక్కడినుంచి వేరుగా నడిచాయి.

సొంత కారు దారిలో మార్పు ముందుగా వచ్చింది. 1949లో విస్కాన్సిన్ రాష్ట్రం, మూర్ఛలు అదుపులో ఉన్నవారికి షరతులతో లైసెన్సు ఇవ్వడానికి అంగీకరించిన తొలి రాష్ట్రమైంది. క్రమంగా మిగతా రాష్ట్రాలూ అదే మార్గం పట్టాయి. నిర్ణీత కాలంపాటు మూర్ఛ రాకుండా ఉంటే చాలు, కారు నడపవచ్చు. బ్రిటన్ కూడా 1970లో మూడేళ్ల వ్యవధితో మొదలుపెట్టి, తరువాత రెండేళ్లకు, 1994లో ఒక ఏడాదికి తగ్గించింది. 'నీకు వ్యాధి ఉందా?' అన్న ప్రశ్న స్థానంలో 'చివరిసారి మూర్ఛ ఎప్పుడు వచ్చింది?' అన్న ప్రశ్న వచ్చింది. నా దృష్టిలో ఈ చరిత్ర మొత్తంలో అతి ముఖ్యమైన మలుపు ఇదే.

లారీల దారిలో అది జరగలేదు. 1970లో అమెరికా రవాణా శాఖ ప్రకటించి, 1971 జనవరి నుంచి అమలుచేసిన నిబంధన ప్రకారం, మూర్ఛవ్యాధి ఉన్నట్లు వైద్య చరిత్రలో గాని, వైద్య నిర్ధారణలో గాని నమోదైతే అంతర్రాష్ట్ర వాణిజ్య వాహనం నడపడానికి వీల్లేదు. స్పృహ కోల్పోయే అవకాశమున్న ఇతర వ్యాధులకూ అదే వర్తిస్తుంది.

లారీకి వేరే లెక్క ఎందుకు?

ఇది అన్యాయమని తొందరపడి అనుకోకండి. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోయే బండి ఒక సెకనులో 22 మీటర్లు పోతుంది. పది సెకన్లపాటు చూపు నిలిచిపోయే చిన్న మూర్ఛ వచ్చినా, ఆ బండి 220 మీటర్లు మనిషి లేకుండా పోయినట్లే. ఒక నిమిషం పాటు స్పృహ లేకపోతే కిలోమీటరుకు పైగా. అమెరికా అంతర్రాష్ట్ర రహదారులపై లారీ బరువు, సరుకుతో కలిపి 80,000 పౌండ్ల దాకా ఉండవచ్చు. అంటే 36 టన్నులు. పైగా లారీ డ్రైవరు రోజుకు ఎన్నో గంటలు రోడ్డుమీద ఉంటాడు, రాత్రులు మేలుకుంటాడు. నిద్రలేమి మూర్ఛను రేపే ప్రధాన కారణాలలో ఒకటి. కారు నడిపేవానికి ఏడాదిలో ఒక మూర్ఛ వస్తే, అది చక్రం ముందు ఉండగానే వచ్చే అవకాశం తక్కువ. రోజంతా చక్రం ముందే ఉండేవానికి ఆ అవకాశం ఎన్నో రెట్లు ఎక్కువ.

అందుకే చాలా దేశాలు రెండు తూనికరాళ్లు పెట్టుకున్నాయి. బ్రిటన్‌లో, రాబోయే ఏడాదిలో మూర్ఛ వచ్చే అవకాశం 20 శాతం లోపు ఉంటే కారుకు సరే అంటారు. లారీకి, బస్సుకు అది 2 శాతం మించకూడదు. ఆచరణలో దీని అర్థం, పదేళ్లపాటు మూర్ఛ లేకుండా, మందులు కూడా లేకుండా ఉండాలి.

అమెరికాలో 1988లో నాడీవ్యాధులు, వాణిజ్య డ్రైవర్ల మీద జరిగిన నిపుణుల సదస్సు కూడా పదేళ్లు మూర్ఛ లేకుండా, మందు లేకుండా ఉన్నవారిని అర్హులుగా పరిగణించవచ్చని సూచించింది. ఒకే ఒక్కసారి అకారణంగా మూర్ఛ వచ్చినవారికి ఐదేళ్లు చాలన్నది.

ఇక్కడ ఒక వైద్యునిగా నాకు కలిగే సందేహాన్ని మీతో పంచుకోవాలి. 'మందు లేకుండా' అన్న ఆ రెండు మాటలు ప్రమాదకరమైనవి. బిళ్ల వేసుకుంటూ పదిహేనేళ్లు నిక్షేపంగా ఉన్న డ్రైవరు, ఉద్యోగం కోసం ఆ బిళ్ల మానేయాలి. అదుపులో ఉన్న మూర్ఛ తిరిగి రావడానికి మందు మానడం కంటే దగ్గరి దారి లేదు. భద్రత కోసం పెట్టిన షరతు, భద్రతగా ఉన్న మనిషిని అభద్రతలోకి నెట్టగలదు.

మినహాయింపు పుట్టుక

1998లో అమెరికా చట్టసభ రవాణా రంగానికి సంబంధించిన ఒక పెద్ద చట్టం చేసింది. అందులోని ఒక నిబంధన చరిత్రను మార్చింది. ఏ డ్రైవరుకైనా నిబంధననుంచి మినహాయింపు ఇస్తే, రోడ్డు భద్రత దానివల్ల తగ్గకుండా, నిబంధన అమలులో ఉన్నప్పటితో సమానంగా లేదా అంతకు మించి ఉంటుందని తేలితే, రెండేళ్లపాటు మినహాయింపు ఇవ్వవచ్చునని ఆ చట్టం చెప్పింది. 2000 జనవరిలో ఫెడరల్ మోటార్ క్యారియర్ సేఫ్టీ అడ్మినిస్ట్రేషన్ అనే ప్రత్యేక సంస్థ ఏర్పడింది.

మూర్ఛవ్యాధి విషయంలో ఆ సంస్థ తొందరపడలేదు. నాడీవైద్య నిపుణుల బృందాన్ని నియమించి, లభ్యమైన పరిశోధనలను పరిశీలింపజేసింది. 2007 అక్టోబరులో ఆ బృందం ఇచ్చిన సిఫారసుల సారాంశం ఇది:

• మూర్ఛవ్యాధి ఉన్నవారు ఎనిమిదేళ్లపాటు మూర్ఛ లేకుండా ఉండాలి. మందు వాడుతున్నా, మానినా ఇదే గడువు.
• మందు వాడుతున్నవారికి, ఆ మందులో, మోతాదులో రెండేళ్లుగా మార్పు ఉండకూడదు.
• ఒకే ఒక్క అకారణ మూర్ఛ వచ్చినవారికి గడువు నాలుగేళ్లు.
• మూర్ఛవ్యాధి ఉండి అర్హత పొందినవారిని ఏటా తిరిగి పరీక్షించాలి.

'మందు వాడుతున్నా' అన్న ఆ చిన్న మాటను గమనించండి. మందు వేసుకోవడం అనర్హత కాదు, అది బాధ్యతకు గుర్తు అని వైద్యశాస్త్రం చట్టానికి చెప్పిన మాట అది.

2013 జనవరి 15న ఆ సంస్థ తన నిర్ణయాన్ని ప్రకటించింది. 22 మంది డ్రైవర్లకు మినహాయింపు లభించింది. అంతకాలం మూసివున్న తలుపులోనుంచి లోపలికి వచ్చింది ఇరవై రెండు మంది. సంఖ్య చిన్నదే. కాని ఆ ఒక్కొక్కరి వైద్య చరిత్రను, చివరి మూర్ఛ తేదీని, మందును, డ్రైవింగు రికార్డును విడివిడిగా చూశారు. దరఖాస్తులను ప్రభుత్వ గెజిట్ వంటి ఫెడరల్ రిజిస్టరులో ప్రచురించి, ప్రజల అభిప్రాయం కోరి, ఆ తరువాతే నిర్ణయించారు. ఈ పద్ధతి నేటికీ సాగుతోంది. మినహాయింపు పొందినవారు ఏటా తమ వైద్యుని నుంచి మూర్ఛ రాలేదని, ఆరోగ్యం నిలకడగా ఉందని పత్రం తేవాలి. ధ్రువీకృత పరీక్షకుని వద్ద ఏటా పరీక్ష చేయించుకోవాలి. మినహాయింపు పత్రం బండిలో దగ్గర ఉంచుకోవాలి. రెండేళ్లకోసారి మళ్లీ పొందాలి.

ఇదే కాలంలో ఇన్సులిన్ వాడే మధుమేహ రోగుల విషయంలో 2018లో, ఒక కంటి చూపు తక్కువగా ఉన్నవారి విషయంలో 2022లో అమెరికా మూల నిబంధననే మార్చింది. వారికిప్పుడు ప్రత్యేక మినహాయింపు అవసరం లేదు. మూర్ఛవ్యాధికి మాత్రం మినహాయింపు మార్గమే మిగిలింది. దీనికి వైద్యపరమైన కారణం ఊహించడం కష్టం కాదు. రక్తంలో చక్కెరను బండి ఎక్కేముందు వేలికొసన చూసుకోవచ్చు. కంటిచూపును గోడమీది అక్షరాలతో కొలవవచ్చు. ఈ సాయంత్రం మూర్ఛ వస్తుందా అని ఉదయమే చెప్పగల యంత్రం ఏదీ లేదు. మనకున్న కొలత ఒక్కటే, గడిచిన కాలం. ఆ కాలాన్ని చెప్పగలిగేది రోగి ఒక్కడే. అతడు నిజం చెబితేనే ఏ చట్టమైనా పనిచేస్తుంది.

నిజం దాస్తే ఏమవుతుంది?

2014 డిసెంబరు 22న, క్రిస్మస్‌కు మూడు రోజుల ముందు, స్కాట్లాండులోని గ్లాస్గో నగరం నడిబొడ్డున చెత్త మోసే లారీ డ్రైవరు చక్రం ముందే స్పృహ తప్పాడు. లారీ జనంమీదికి దూసుకుపోయి ఆరుగురు చనిపోయారు. అది మూర్ఛవ్యాధి కాదు, మామూలుగా కళ్లు తిరిగి పడిపోయే స్థితి. కాని ఆ డ్రైవరు అంతకుముందు కూడా చక్రం ముందు స్పృహ తప్పిన సంగతిని దాచి ఉద్యోగం సంపాదించాడని విచారణలో తేలింది. తన ఆరోగ్యం గురించి నిజం చెప్పి ఉంటే ఆ ప్రమాదం తప్పే అవకాశం ఉండేదని విచారణ జరిపిన న్యాయాధికారి అభిప్రాయపడ్డారు.

మనిషి ఎందుకు దాస్తాడు? నిజం చెబితే అన్నం పోతుందని. నా ముందు నిలబడిన డ్రైవరు గారు కూడా అందుకే ముందు మౌనం వహించారు.

మన దేశం సంగతి

1939 చట్టం స్థానంలో మనకు 1988 మోటారు వాహనాల చట్టం, 1989 కేంద్ర నిబంధనలు వచ్చాయి. లైసెన్సు దరఖాస్తుతో ఇచ్చే ఫారం 1లో అభ్యర్థి స్వయంగా సమాధానం చెప్పవలసిన మొదటి ప్రశ్న, మూర్ఛవ్యాధి గాని, ఏ కారణం వల్లనైనా హఠాత్తుగా స్పృహ తప్పడం, కళ్లు తిరగడం గాని ఉన్నాయా అనేది. ఎన్నేళ్ల క్రితం అన్న ప్రశ్న లేదు. మందుతో అదుపులో ఉందా అన్న గడి లేదు. ఉంది, లేదు, ఈ రెండే. పదేళ్ల క్రితం చివరి మూర్ఛ వచ్చిన మనిషికీ, నిన్న రాత్రి వచ్చిన మనిషికీ అదే ప్రశ్న, అదే ఫలితం. అలాంటి ప్రశ్నకు జనం ఏ సమాధానం రాస్తారో మీకు తెలియనిది కాదు.

మన చట్టాలు మారవని నేను అనను. 1955 హిందూ వివాహ చట్టానికి 1976లో చేసిన సవరణ, పదేపదే వచ్చే మూర్ఛను పెళ్లికి అడ్డంకిగా చేర్చింది. 1999లో పార్లమెంటు ఆ మాటను తొలగించింది. పెళ్లిపీటల విషయంలో మారిన మన ఆలోచన, చక్రం విషయంలో ఇంకా మారవలసి ఉంది. మారడమంటే అందరికీ లారీ తాళాలు ఇవ్వడం కాదు. సొంత ద్విచక్ర వాహనానికి ఒక గడువు, భారీ వాహనానికి దానికంటే చాలా పెద్ద గడువు, నాడీవైద్యుని పరీక్ష, ఏటేటా సమీక్ష. ఆ గడువు నిండేవరకు ఆ డ్రైవరుకు గోదాములోనో, ఆఫీసులోనో మరో పని. ఇంత ఉంటేనే మనిషి ధైర్యంగా నిజం చెబుతాడు.

మీకు నా మనవి

మీరు గాని, మీ ఇంట్లో గాని వాహనం నడిపేవారికి మూర్ఛ వస్తే, ఆ రోజునుంచే చక్రం పట్టడం ఆపండి. వెంటనే వైద్యుణ్ణి కలవండి. మందు ఒక్క పూట కూడా మానవద్దు, మీ అంతట మీరు ఆపవద్దు. రాత్రిళ్లు మేలుకోవడం, మద్యం ఈ వ్యాధికి బద్ధశత్రువులు. ప్రతి మూర్ఛ తేదీని ఒక పుస్తకంలో రాసుకోండి. రేపు ఏ వైద్యుడైనా, ఏ చట్టమైనా అడగబోయేది ఆ తేదీనే.

ఎవరికైనా ఎదుట మూర్ఛ వస్తే చేతిలో తాళాలగుత్తి పెట్టడం, నోట్లో చెంచా దూర్చడం, ముఖాన నీళ్లు కొట్టడం వద్దు. పక్కకు తిప్పి పడుకోబెట్టండి, తల కింద మెత్తని గుడ్డ పెట్టండి, గడియారం చూడండి. ఐదు నిమిషాలు దాటితే, లేదా స్పృహ రాకుండానే మళ్లీ వస్తే 108కి ఫోన్ చేయండి.

ఇక ఆ డ్రైవరు గారి మాట. రెండు వారాల తరువాత ఆయన క్లీనరు కాలికి దెబ్బ తగిలి మా ఆసుపత్రికి వచ్చాడు. వేరే ఊళ్లో సంతకం దొరికిందనీ, ఇద్దరూ కలకత్తా ట్రిప్పు వెళ్లివచ్చారనీ చెప్పాడు. సంతకం పెట్టకపోవడం తప్పని నేను నేటికీ అనుకోవడం లేదు. నా తప్పు వేరు. సంతకం నిరాకరించాక, ఆయనను కూర్చోబెట్టి మందు రాయలేదు, క్రమం తప్పక వేసుకోవాలని చెప్పలేదు, మళ్లీ రమ్మనలేదు. నేను ఆ రోజు కాగితాన్ని చూశాను, రోగిని చూడలేదు. ఫారం ప్రశ్నలో లోపం ఉందని ఇంతసేపు రాశాను. ఆ లోపం ఆ మధ్యాహ్నం నా బల్ల దగ్గర కూడా ఉంది.

మీ ఇంటి డ్రైవరునైనా, బాడుగ బండి నడిపే కుర్రవాణ్ణయినా ఒకసారి ఆప్యాయంగా అడగండి: "ఆరోగ్యం ఎలా ఉంది? ఎప్పుడైనా కళ్లు తిరిగాయా?" నిజం చెబితే పని పోదన్న నమ్మకం ముందు కలిగించి అడగండి.

సెలవు.